పాత శరీర నిర్మాణ చిత్రాలతో కొలాజ్: మీ పనికి ఏ బొమ్మ సరిపోతుంది?

మా పక్కింటి అమ్మాయికి వైద్య కళాశాలలో సీటు వచ్చిందని తెలిసిన రోజున, నా చేత్తో చేసిన కార్డు ఆమెకు ఇవ్వాలనిపించింది. 18వ శతాబ్దపు రాగి రేకు అచ్చు ఒకటి నాకు ఎంతో ఇష్టం. నిలువెత్తు మనిషి, ఒంటిమీద చర్మం తీసేసిన కండరాల బొమ్మ. దాన్నే ఎంచుకుని, అరచేతి పొడవుకు తగ్గించి, ఇంట్లోని ఇంక్‌జెట్ ప్రింటర్‌లో తీశాను. అసలు పుటలో వెంట్రుకవాసి గీతలుగా ఉన్న నీడలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి తొడల దగ్గర నల్లటి మరకలయ్యాయి. ఫెవికాల్ రాసేసరికి ఆ నలుపు కూడా కరిగి అంచుల్లోకి పాకింది. బొమ్మలో లోపం లేదు, ప్రింటర్‌లోనూ లేదు. ఆ కొలతకు, ఆ సిరాకు, ఆ జిగురుకు ఆ బొమ్మ తగదు, అంతే.

అప్పటినుంచి ఏ బొమ్మనైనా అందం కంటే ముందు గీతను బట్టి చూస్తున్నాను. ఆ గీత దేనిమీద చెక్కింది? చెక్కమీదా, రాగిమీదా, రాతిమీదా? దాన్ని ఎంత తగ్గించవచ్చు, ఎంత పెంచవచ్చు? కత్తెర దాని వెంట నడుస్తుందా? ఈ ప్రశ్నలకు జవాబు దొరికితే ఎంపిక సగం అయిపోయినట్టే.

ముందుగా ఒక సందేహం తీర్చాలి. ఇంతటి శాస్త్ర చిత్రాలను కత్తిరించి అంటించడం అపచారమేమో అని చాలామంది జంకుతారు. శరీర నిర్మాణ శాస్త్రవేత్త ఆండ్రియాస్ వెసాలియస్ 1543లో బాసెల్‌లో మనిషి శరీరంమీద తన మహాగ్రంథాన్ని అచ్చువేయించినప్పుడు, దానితోపాటే విద్యార్థుల కోసం ఒక సంగ్రహాన్నీ తెచ్చారు. అందులో కొన్ని పుటల్లో అవయవాలను విడివిడిగా వేయించి, వాటిని కత్తిరించి ఒకదానిమీద ఒకటి అంటించి మనిషి బొమ్మను తయారు చేసుకోమని సూచనలిచ్చారు. 17వ శతాబ్దం తొలినాళ్లలో జర్మన్ వైద్యుడు యోహాన్ రెమ్మెలిన్ ఇంకా ముందుకు వెళ్లి, కాగితపు రెక్కలను ఒక్కొక్కటిగా ఎత్తుతూ పోతే శరీరం లోపలి పొరలు కనిపించే పుటలు చేశారు. అంటే ఈ శాస్త్రం చాలాకాలం కత్తెరతో, జిగురుతో కలిసే పెరిగింది. మనం అచ్చుప్రతిని కత్తిరిస్తున్నామంటే ఆ పాత పనినే కొనసాగిస్తున్నాం.

వెసాలియస్: లావు గీత, గట్టి అంచు

వెసాలియస్ బొమ్మలు చెక్క అచ్చులు. వాటిని పియర్ చెట్టు చెక్కమీద చెక్కారు. ఆ దిమ్మెలు నాలుగు వందల ఏళ్ల దాకా బతికే ఉన్నాయి. 1930లలో కూడా వాటితో అచ్చు తీశారు. చివరికి రెండో ప్రపంచ యుద్ధంలో మ్యూనిక్‌మీద పడిన బాంబులకు నాశనమయ్యాయి. తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

చెక్క అచ్చులో గీత స్పష్టంగా, కాస్త లావుగా ఉంటుంది. శరీరం చుట్టూ గట్టి అంచు ఉంటుంది కాబట్టి ఆ గీత వెంటే కత్తెర పోనిస్తే చాలు, బొమ్మ చక్కగా విడివడి వస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవారికి కత్తిరించడం నేర్పే బొమ్మలు ఇవే. కండరాల మనుషులు కొండల ముందు, ఊళ్ల ముందు నిలబడి ఉంటారు. పుటలను సరైన వరుసలో పక్కపక్కన పెడితే వెనకున్న కొండలు, వాగులు కలిసి ఒకే ప్రకృతి దృశ్యం అవుతుంది. పొడుగాటి పట్టీలా మడిచే పుస్తకం చేయాలనుకుంటే ఇంతకంటే తగిన ముడిసరుకు లేదు. మనుషులను కత్తిరించి తీసేసి, ఖాళీ అయిన ఆ నేలను వేరే పనికి నేపథ్యంగానూ వాడుకోవచ్చు.

చిక్కు ఎక్కడంటే, ఒక్కో అవయవం విడిగా కావాలన్నప్పుడు. గుండె, మూత్రపిండం, కన్ను లాంటివి ఇందులో చిన్నవి, కాస్త మొద్దుగానూ ఉంటాయి. మొత్తం మనిషి కావాలంటే వెసాలియస్, ఒక్క అవయవం కావాలంటే మరొకరు అని నా లెక్క.

ఆల్బినస్: చూడటానికి రాజు, తగ్గిస్తే మసి

నా కార్డును చెడగొట్టింది ఈ బొమ్మే. హాలెండ్‌లోని లైడెన్‌లో 1747లో వెలువడిన శరీర నిర్మాణ ఆచార్యుడు బెర్నార్డ్ సీగ్‌ఫ్రీడ్ ఆల్బినస్ గ్రంథానికి చిత్రకారుడు యాన్ వాండెలార్ బొమ్మలు గీసి, రాగి రేకులమీద తానే చెక్కారు. అస్థిపంజరానికీ చిత్రకారుడికీ మధ్య దారాల వలలు కట్టి, గడి గడిగా కొలతలు తీసుకుని గీసిన బొమ్మలివి. వీటిలో రెండు పుటల్లో మనిషి వెనక ఒక ఖడ్గమృగం గడ్డి మేస్తూ కనిపిస్తుంది. దాని పేరు క్లారా. పిల్లగా ఉన్నప్పుడు మన దేశంలోనే పట్టుబడి, బెంగాల్‌లోని డచ్ వ్యాపారి ఇంట పెరిగి, 1741లో ఓడెక్కి హాలెండ్ చేరింది. దాన్ని మాత్రమే కత్తిరించి వాడుకునేవారు చాలామంది. ఎందుకు వాడుకోరు మరి!

రాగి రేకుమీద గీత సన్నగా, ఒత్తుగా ఉంటుంది. ఏ-3 కంటే తగ్గించకపోతే ఈ బొమ్మ ప్రాణంతో ఉంటుంది. గోడకు తగిలించే పెద్ద కొలాజ్‌కు, డైరీ అట్టకు చుట్టూ తిప్పే పొరకు, దీపం చుట్టూ పెట్టే కాగితపు గూటికి ఇది తగినది. గ్రీటింగ్ కార్డుకు, బుక్‌మార్కుకు వద్దు. మరీ ఇష్టమైతే మొత్తం మనిషిని తగ్గించకుండా ఒక చేతినో, ఒక పాదాన్నో అసలు కొలతలోనే తీసుకోండి.

దీనిలో మరో సదుపాయం ఉంది. పూర్తి బొమ్మమీద అక్షరాలు రాస్తే అందం పోతుందని, ఆల్బినస్ ప్రతి పెద్ద పుటకూ తోడుగా ఉత్త అంచు గీతలతో ఒక పుట వేయించి, గుర్తుల అక్షరాలను దానిలోనే పెట్టారు. కొలాజ్‌కు అక్షరాలు లేని బొమ్మ, కుట్టుపనికో కాగితపు కటింగ్‌కో ఖాళీ గీత బొమ్మ, రెండూ ఒకేచోట దొరుకుతాయి. అంచు గీతల పుటను ట్రేసింగ్ పేపర్‌మీద తీసి అసలు బొమ్మమీద పరిచి చూడండి. పగటి వెలుతురులో రెండూ కలిసి కనిపించే తీరు చాలా బాగుంటుంది.

గ్రే కోసం కార్టర్ గీసినవి: చిన్న పనులకు మొదటి ఎంపిక

శస్త్రవైద్యుడు హెన్రీ గ్రే శరీర నిర్మాణ గ్రంథం 1858లో లండన్‌లో వచ్చింది. అందులోని 363 బొమ్మలు గీసింది హెన్రీ వాండైక్ కార్టర్. పుస్తకం అచ్చవుతున్న ఏడాదే ఆయన వైద్య సేవలో చేరి బొంబాయి వచ్చేశారు, గ్రాంట్ వైద్య కళాశాలలో పాఠం చెప్పారు, తరవాత కుష్ఠు వ్యాధిమీద ఏళ్ల తరబడి పనిచేశారు. పుస్తకానికి గ్రే పేరే మిగిలింది. కార్టర్‌కు ముట్టింది ఒకేసారి ఇచ్చిన 150 పౌండ్లు.

ఇవి కూడా చెక్కమీద చెక్కినవే, కాని పద్ధతి వేరు. వెసాలియస్ కాలంలో పలకమీద కత్తితో చెక్కారు. 19వ శతాబ్దంలో గట్టి బాక్స్‌వుడ్ మొద్దును అడ్డంగా కోసి, ఆ కోత ముఖంమీద సన్నటి ఉలితో చెక్కారు. అందువల్ల గీత సన్నగా ఉన్నా గట్టిగా నిలుస్తుంది. అసలు పుస్తకం మామూలు చేతి పుస్తకం పరిమాణంలోనే ఉండేది కాబట్టి బొమ్మలు మొదటి నుంచీ చిన్న కొలతకే రూపుదిద్దుకున్నాయి. సగానికి తగ్గించినా చాలావరకు నిలబడతాయి, రెట్టింపు చేస్తే ఇంకా బలంగా కనిపిస్తాయి. జెరాక్స్ షాపులో తీసిన నలుపు ప్రతి కూడా నమ్మకంగా వస్తుంది.

వీటిని దగ్గరగా చూడండి. ధమనుల బొమ్మలో పేర్లు పక్కన బాణం గుర్తులతో కాకుండా, వీలైనచోటల్లా ఆ రక్తనాళం మీదే, దాని వంపు వెంటే వంగి ఉంటాయి. చదువుకునే విద్యార్థికి అది వరం. మనకు మాత్రం రెండంచుల కత్తి. పెద్దగా వాడితే ఆ అక్షరాలే అలంకారం, నాళం మీద పాకే తీగల్లా ఉంటాయి. మరీ తగ్గిస్తే అవే మురికి చుక్కల్లా కనిపిస్తాయి. కాబట్టి అచ్చుకు ఇచ్చే ముందు మీకు కావలసిన కొలతలో ఒక నమూనా తీసి అక్షరాలను మామూలు చూపుతో చదవగలరో లేదో చూడండి. చదవలేకపోతే ఎముకల బొమ్మలకో, పేర్లు తక్కువ ఉన్నవాటికో మారండి.

1930 ప్రాంతంలో చిత్రకారుడు మ్యాక్స్ ఎర్నెస్ట్ 19వ శతాబ్దపు ఇలాంటి చెక్క అచ్చులను ముక్కలు చేసి కొలాజ్‌లు చేసినప్పుడు అతుకులు కనపడకపోవడానికి కారణం ఒకటే. ఆ కాలపు గీతలన్నీ ఒకే జాతివి. గ్రే గుండెను ఆ కాలపు పక్షుల, మొక్కల, యంత్రాల చెక్క అచ్చులతో కలిపితే ఒకే చేయి గీసినట్టు ఉంటుంది. అదే గుండె పక్కన ఈనాటి రంగు ఫోటో పెడితే రెండూ ఎడమొహం పెడమొహంగా ఉంటాయి.

రంగు కావాలంటే

ఫ్రెంచ్ వైద్యుడు బూర్జెరీ గ్రంథానికి జాకబ్ అనే చిత్రకారుడు రాతి అచ్చు బొమ్మలు వేశారు. 1831లో మొదలై 1854 దాకా సాగిన ఆ పనిలో ఏడు వందలకు పైగా పుటలున్నాయి, వాటి ప్రతుల్లో కొన్నింటికి చేత్తో రంగులద్దారు. గులాబీ కండరం, నీలి సిర, ఎర్రటి ధమని ఎంత మృదువుగా ఉంటాయో చెప్పలేను. రాతి అచ్చులో నీడ గీతలుగా కాకుండా మసకగా, బొగ్గు రుద్దినట్టు ఉంటుంది. కాబట్టి నలుపు జెరాక్స్‌లో ఇది చచ్చిపోతుంది. మంచి రంగుల ప్రింట్, నున్నటి కాగితం ఉంటేనే దీన్ని తీసుకోండి. ఖర్చు పెరుగుతుంది, కాని ఒక్క బొమ్మతోనే కార్డు నిండిపోతుంది.

ఇక 18వ శతాబ్దపు ఫ్రెంచ్ చిత్రకారుడు గోతియే దగోతీ రంగు అచ్చులు చాలా ముదురు. వీపు చర్మం రెక్కల్లా విడిన స్త్రీ బొమ్మ ఎంతో పేరున్నది, కాని ఇంటి ప్రింటర్‌లో అది గోధుమరంగు బురదలా వస్తుంది. తెరమీద చూసి ఆనందించడానికే నా ఓటు.

ఎవరి శరీరం అది?

ఈ సంగతి మాట్లాడకుండా ముందుకు వెళ్లలేను. వెసాలియస్ కోసిన శరీరాల్లో ఉరితీతకు గురైనవారివి ఎక్కువ. కార్టర్ కాలంలో, 1832 నాటి చట్టం కింద, ఇంగ్లండ్‌లో దిక్కులేని పేదలను ఉంచే వర్క్‌హౌస్‌లలోనూ ఆసుపత్రుల్లోనూ చనిపోయిన, ఎవరూ తీసుకువెళ్లని పేదల శరీరాలే శవాలను కోసి చదివే గదులకు చేరేవి. విలియం హంటర్ 1774లో తెచ్చిన గర్భాశయ చిత్రాలు గర్భంతో ఉండగా చనిపోయిన స్త్రీలవి. వాటిని నేను అలంకారానికి వాడను. బిడ్డ పుట్టిన ఇంటికి పంపే కార్డుమీద ఆ బొమ్మ వేయడం నా చేతకాదు.

ఒక గ్రంథాన్ని మాత్రం పూర్తిగా పక్కన పెట్టమని గట్టిగా చెబుతాను. వియన్నాలో శరీర నిర్మాణ ఆచార్యుడు, నాజీ పార్టీ సభ్యుడు అయిన ఎడ్వర్డ్ పెర్న్‌కాఫ్ తయారు చేయించిన చిత్రాలవి. నాజీ పాలనలో మరణశిక్ష పడిన కనీసం 1,377 మంది శరీరాలు ఆయన విభాగానికి చేరాయని వియన్నా విశ్వవిద్యాలయం తన విచారణలో తేల్చింది. శస్త్రవైద్యులు దాన్ని వాడవచ్చా అన్నదే పెద్ద చర్చ. కాగితపు పూల మధ్య అంటించడానికి ఏ కారణమూ లేదు.

మన ఇళ్ల సంగతి వేరే ఉంది. పుర్రె, అస్థిపంజరం బొమ్మలను గుమ్మం దగ్గర, పూజగది వైపు చూస్తే మా అమ్మమ్మ ఒప్పుకునేది కాదు. "శుభమా అని కార్డు ఇస్తూ పుర్రె ఏమిటే?" అనేది. ఆమె మాట నేను తీసిపారేయను. ఎవరికైనా ఇచ్చే వస్తువుమీద గుండె, కన్ను, చేయి, చెవి వాడతాను. ఎముకల బొమ్మలు నా సొంత నోటుపుస్తకాల్లో ఉంటాయి. జూలై 1న వైద్యుల దినోత్సవానికి ఇచ్చే కార్డుకైనా గుండె, చేయి చాలు.

ఎక్కడ తీసుకోవాలి, హక్కుల మాట ఏమిటి

లండన్‌లోని వెల్‌కమ్ కలెక్షన్, అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం, ఇంటర్నెట్ ఆర్కైవ్, వికీమీడియా కామన్స్‌లలో ఈ పుటలు పెద్ద పరిమాణంలో ఉచితంగా దొరుకుతాయి. వెల్‌కమ్‌లో ప్రతి బొమ్మ కిందా వాడకపు షరతు ఉంటుంది. కొన్నింటికి ఏ షరతూ లేదు, కొన్నింటికి మూలం పేరు చెప్పాలి. అమ్మకానికి చేస్తున్నప్పుడు ఆ వరుస చదవకుండా దిగుమతి చేసుకోవద్దు. ఫోటోలు పంచుకునే సైట్లలో దొరికే చిన్న బొమ్మలు మాత్రం అచ్చుకు పనికిరావు. 4 అంగుళాల వెడల్పున అచ్చు కావాలంటే కనీసం 1200 పిక్సెళ్లు ఉండాలి, గీత బొమ్మలకు దానికి రెట్టింపు ఉంటే మేలు.

మన దేశంలో చిత్రకారుడు మరణించాక 60 ఏళ్ల పాటు హక్కు ఉంటుంది. పైన చెప్పిన వెసాలియస్, ఆల్బినస్, కార్టర్, బూర్జెరీలకు ఆ గొడవ లేదు. కాని పాతగా కనిపించేదంతా స్వేచ్ఛగా వాడుకోదగినది కాదు. శరీరాన్ని కర్మాగారంలా చూపించిన 1920ల నాటి జర్మన్ వైద్యుడు ఫ్రిట్జ్ కాన్ పుస్తకాల్లోని బొమ్మలు ఎంతో ఆకర్షిస్తాయి. ఆయన మరణించింది 1968లో. బళ్లో వేలాడే మానవ శరీరం చార్టులు, గ్రే గ్రంథపు ఇటీవలి ముద్రణలు కూడా ఇంకా ఒకరి సొత్తే.

ఇక పాత పుస్తకం కొని కత్తిరించడమా, ప్రతి తీసుకోవడమా? హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్‌మీద, కోఠీ సెకండ్‌హ్యాండ్ షాపుల్లో వైద్య పుస్తకాలు బాగా దొరుకుతాయి. అట్టలు ఊడి, పేజీలు పోయి, ఎవరూ చదవని స్థితిలో ఉన్నదైతే కొనండి. నిండుగా ఉన్న 19వ శతాబ్దపు పుస్తకం దొరికితే మాత్రం కత్తెరను దూరంగా పెట్టండి. ఆ పుటలను ఫోటో తీసుకుని పుస్తకాన్ని భద్రంగా ఉంచండి. సన్నరకం కాగితంమీద అచ్చైన పాత పాఠ్యపుస్తకాలలో మరో ఇబ్బంది ఉంది, కాగితంలోని ఆమ్లం. అది తానూ పసుపెక్కుతుంది, పక్కనున్న తెల్ల కాగితాన్నీ పసుపెక్కిస్తుంది. ఏళ్ల తరబడి నిలవాలనుకునే పనికి ప్రతే మంచిది.

సిరా, కాగితం, జిగురు

లేజర్ ప్రింట్ నీటికి చెదరదు. ఇంక్‌జెట్‌లో మామూలు సిరా చెదురుతుంది. ఫెవికాల్, మైదా జిగురు, నీటిరంగు, టీ డికాక్షన్ వీటిలో ఏదైనా తగలబోతుంటే లేజర్ ప్రతి తీయించండి. లేజర్‌కూ ఒక బలహీనత ఉంది. మడతపడే చోట నలుపు పొడిలా రాలుతుంది. కాబట్టి రెక్కలు మడిచే పనిలో మడత గీత బొమ్మమీద పడకుండా చూసుకోండి.

పసుపెక్కిన పాత పుటను ఉన్నది ఉన్నట్టు అచ్చువేయడం చాలామంది చేసే పొరపాటు. తెల్ల కాగితంమీద అచ్చైన పసుపు నకిలీలా కనిపిస్తుంది, కత్తిరించిన అంచున తెలుపు బయటపడుతుంది. ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో నేపథ్యాన్ని తెల్లగా తీసేసి, నలుపు గీతలను మాత్రమే మీగడరంగు హ్యాండ్‌మేడ్ కాగితంమీద వేయించండి. గరుకు కాగితాన్ని అన్ని లేజర్ యంత్రాలూ తీసుకోవు, షాపులో ముందే అడగండి.

కత్తిరించే బొమ్మకు 100 నుంచి 120 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో చెప్పే లెక్క) కాగితం సరిపోతుంది. 70 జీఎస్ఎం ఫెవికాల్ తడికి ముడతలు పడుతుంది, 250 దాటితే పక్కటెముకల మధ్య సందుల్లో కత్తి తిరగదు. పక్కటెముకల గూడును కత్తిరించేటప్పుడు లోపలి సందులను ముందు తీసేయండి, బయటి అంచును చివరికి ఉంచండి. లోపల పని చేస్తున్నంతసేపూ చుట్టూ ఉన్న కాగితం బొమ్మను పట్టుకుని ఉంటుంది. కత్తిని తిప్పకుండా కాగితాన్ని తిప్పండి. అంతా అయ్యాక గోధుమరంగు పెన్సిల్‌ను కోసిన అంచు వెంట ఒకసారి పక్కవాటుగా రాయండి. ఆ సన్నటి తెల్లటి గీత పోగానే బొమ్మ కింది కాగితంలో కలిసిపోతుంది.

జిగురులో నా ఎంపిక పలచగా రాసిన ఫెవికాల్, అదీ కత్తిరించిన బొమ్మకు కాకుండా కింది కాగితానికి. గ్లూ స్టిక్ శుభ్రంగా ఉంటుంది, కాని మన ఎండలకు ఆరిపోయి మొనలు లేస్తాయి. మైదా జిగురు కాగితానికి ఎంతో మెత్తన, తడిపితే ఊడి వస్తుంది, కాని పురుగులను పిలుస్తుంది. బైండింగ్ చేసేవాళ్లు అందుకే దానిలో మైలుతుత్తం కలుపుతారు. అది విషం. పిల్లలు ముట్టుకునే కార్డుకు ఆ దారి వద్దు.

అదే కార్డును మళ్లీ చేస్తే

పక్కింటి అమ్మాయికి చివరికి ఇచ్చిన కార్డు రెమ్మెలిన్ పద్ధతిలో చేసింది. బయటి రెక్కమీద వెసాలియస్ మనిషి నడుము పైభాగం. రెక్క తెరిస్తే లోపల కార్టర్ గుండె. చెక్క అచ్చులు రెండూ వేరు వేరు కాలాలవి కాబట్టి గీతల లావు కలవదని భయపడ్డాను. గుండెను పెంచి, మనిషిని కాస్త తగ్గించేసరికి గీతలు దగ్గరకు వచ్చాయి. కొలత తేల్చుకోవడానికి ఒక చిన్న ఆధారం ఉంది. మనిషి గుండె ఇంచుమించు తన పిడికిలంత ఉంటుంది. బొమ్మలోని చేతిని చూసి, ఆ పిడికిలికి సరిపడేలా గుండెను వేస్తే ఎక్కడా తేడాగా అనిపించదు. నేను మాత్రం కావాలనే దానికంటే కొంచెం పెద్దదిగానే ఉంచాను. వెలుగు కూడా చూసుకోవాలి. మనిషిమీద నీడ కుడివైపు ఉంటే గుండెమీదా కుడివైపే ఉండాలి. లేకపోతే గుండె బొమ్మను అద్దంలోలా తిప్పాలనిపిస్తుంది, కాని తిప్పితే గుండె మొన ఆ మనిషికి కుడివైపుకు పోతుంది. వైద్య విద్యార్థిని ఆ తప్పును మొదటి చూపులోనే పట్టుకుంటుంది. అప్పుడు తిప్పాల్సింది మనిషినే.

కార్డు వెనక చిన్న అక్షరాలతో రాశాను: గుండె గీసినవారు హెన్రీ వాండైక్ కార్టర్, 1858.